మా ఆయన వేట బట్టలు

దెయ్యాల మాట ఎవరైనా ఎత్తితే నవ్వేసి లేచి వెళ్లిపోయే రకం నేను. మా ఊళ్లో ఒక పాడుబడ్డ ఇంట్లో ఆడమనిషి ఏడుస్తుందని చెప్పి అందరూ చుట్టూ తిరిగి పోయేవారు. నేను మాత్రం ఆ పెరట్లోకి దూరి నిమ్మకాయలు కోసుకొచ్చేదాన్ని. ఏడిచే ఆడమనిషి ఎప్పుడూ కనబడలేదు గానీ నిమ్మకాయలు బాగుండేవి.

గల్ఫ్‌కి వచ్చాక కూడా అంతే. పనివాళ్ల గదుల్లో ఇలాంటి కబుర్లు చాలా నడుస్తాయి. అలసిపోయినవాళ్లకి ఏవేవో కనబడతాయిలే అని నేను దుప్పటి కప్పుకుని పడుకునేదాన్ని. అందుకే ఇప్పుడు నేనే ఇది చెబుతున్నానంటే నాకే కొంచెం సిగ్గుగా ఉంది. జరిగింది జరిగినట్టు చెబుతాను. పేర్లు మాత్రం మార్చాను. చదివాక మా ఆయన్ని తిట్టాలనిపిస్తే తిట్టండి, నేను అడ్డు రాను.

నన్ను కుమారి అనుకోండి. మాది కోనసీమ. ఉమ్ అల్ క్వైన్‌లో ఒక అరబ్బు కుటుంబం ఇంట్లో బట్టల పని చేసేదాన్ని. ఉతకడం, ఆరబెట్టడం, ఇస్త్రీ, చిరుగులు కుట్టడం. మా ఆయన సుందరరావు అదే ఇంట్లో మగవాళ్ల వైపు వంట చేసేవాడు. మమ్మల్నిద్దరినీ అక్కడికి రప్పించింది ఆయన అక్క సుగుణ వదిన. ఆవిడ మాకు దగ్గర్లోనే ఇంకో ఇంట్లో పిల్లల్ని చూసుకునేది. ఒకే ఇంట్లో మొగుడూ పెళ్లాలకి పని దొరకడం గల్ఫ్‌లో ఎంత అదృష్టమో అక్కడున్నవాళ్లకే తెలుస్తుంది. ఆయన గది గేటు పక్కన, నా గది వెనకాల. అయినా రోజూ కళ్లెదుటే ఉండేవాడు. నాకది చాలు.

ఇంటి యజమానిని మేమంతా బాబా అనేవాళ్లం. మంచి మనిషే. ఆయనకి వేట పిచ్చి. డేగని చేతిమీద పెట్టుకుని ఇసుకలో తిరిగే వేట అక్కడ చాలామందికి ఉంటుంది. ఈయనకి మాత్రం తడి అడవి కావాలి. కరోనా గొడవ తగ్గాక ఏటా చలికాలం ముందు స్నేహితులతో రొమేనియా వెళ్లేవాడు. అక్కడ కొండల నిండా గుబురు చెట్లు, రోజూ వాన, దుప్పులు. అక్కడి తిండి సయించదని వంటమనిషిని ఇక్కణ్ణించే తీసుకెళ్లేవాడు. ఆ ఏడాది పాత వంటమనిషి దేశం వెళ్లిపోవడంతో ఆ వంతు మా ఆయనకి వచ్చింది.

బట్టలు ఉతికే గదిలో వేట బట్టల కోసం ఒక అల్మరా విడిగా ఉండేది. దాని తాళం నా దగ్గరే. మొదట్లో బాబా నన్ను నిలబెట్టి అన్నీ నేర్పించాడు. నూలు బట్ట అసలు వద్దు. నూలు తడిస్తే ఆరదు, ఒంట్లో వేడినంతా లాగేస్తుంది. బనీను దగ్గర్నుంచి మేజోళ్ల దాకా ఉన్నివే కావాలి. "కాటన్ మాఫీ, కుమారీ. కాటన్ మోత్" అనేవాడు. మాఫీ అంటే వద్దు, మోత్ అంటే చావు. మన మగవాళ్లు ఎండకీ వానకీ ఒకటే నూలు బనీనుతో బతికేస్తారు, చావెక్కడిదీ అని లోపల నవ్వుకునేదాన్ని. మావైపు వానకి మేం చేసేదల్లా గోనెసంచి నెత్తిన వేసుకోవడం, పంచె మోకాళ్లపైకి ఎగ్గట్టడం.

పైన వేసుకునే కోటు నీళ్లు ఆపితే సరిపోదు, చప్పుడు చేయకూడదు. కోటు చేతిని చెవి దగ్గర పెట్టుకుని గుడ్డని రుద్ది చూడాలి. గరగరమందంటే పక్కన పడేయాలి, దుప్పికి మైలు దూరం నుంచి వినబడుతుందట. మెడపట్టీ బాగా మూసుకోవాలి. అలాంటి చోట వాన ఆగినా చెట్ల మీంచి నీళ్లు ఆగవు, ఆకులు విదిలించినప్పుడల్లా మెడలోకి కారతాయి. రంగు ఆకు కింద మట్టిలా ఉండాలి. అయితే ఒకరి తుపాకీ గుండు ఇంకొకరికి తగలకుండా దానిమీద అందరూ నారింజ రంగు చేతుల్లేని కోటు వేసుకోవాలి.

వీటన్నిటికంటే పెద్ద నియమం వాసన. ఆ ఇంట్లో ప్రతి బట్టకీ బుఖూర్ పొగ పట్టించడం ఆచారం. మన సాంబ్రాణి లాంటిదే, ఇంకా ఖరీదైనది, ఇంకా ఘాటైనది. చిన్న కుండీలో బొగ్గులు రాజేసి, బుఖూర్ ముక్క వేసి, ఇస్త్రీ అయిన బట్టని దాని మీద పట్టుకోవాలి. ఒకసారి పడితే ఉతికినా పోదు. వేట బట్టలకి మాత్రం ఆ పొగ సోకకూడదు. వాసన లేని సబ్బుతో ఉతికి, నీడలో ఆరేసి, అల్మరాలో పెట్టి తాళం వేయాలి. "రీహా మాఫీ" అని బాబా పదేపదే చెప్పేవాడు. వాసన ఉండకూడదని. మనిషిని చూడకముందే జంతువుకి వాసన తెలిసిపోతుందట.

ప్రయాణం దగ్గరపడ్డాక మా ఆయన మధ్యాహ్నం బట్టలు ఉతికే గదికొచ్చి అల్మరా తీయించాడు. పాత బట్టల్లోంచి పనివాళ్లు ఎవరికి కావలసినవి వాళ్లు ఏరుకోవచ్చని బాబా చెప్పాడు. కొత్తగా, దళసరిగా ఉన్న కోటు తీసిస్తే వద్దన్నాడు. వెలిసిపోయిన ఆకుపచ్చ కోటు ఏరుకున్నాడు. దాని జేబు చిరిగి ఉంటే ఆకుపచ్చ దారం లేక గోధుమ రంగు దారంతో కుట్టాను. బరువు లేని బూట్లు అడిగాడు. ఎంత దూరమైనా నడవడానికి వీలుగా ఉండాలన్నాడు. వంటవాడికి నడకెందుకని అడిగాను. బాబా అందరినీ అడవిలోకి తీసుకెళ్తాడు, సామాను మోయాలి కదా అన్నాడు. అది నిజమే. బసలో ఎవరినీ ఒంటరిగా వదలడం బాబాకి అలవాటు లేదు.

అన్నీ అయ్యాక గుమ్మం దగ్గర ఆగి ఒక మాట అన్నాడు.

"కుమారీ, ఇన్నేళ్ళూ ఆళ్ల బట్టలకేగా పొగేత్తున్నావ్. నా బట్టలకోసారి ఎయ్యవే. నీ చేత్తో ఏసినట్టుంటది."

వేట బట్టలకి వేయకూడదు కదా అన్నాను.

"నేను ఏటకెళ్తన్నానేంటి, వంటకేగా. ఎవరికి తెలుత్తాది!"

ముచ్చట పడిపోయాను. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ మనిషి నన్ను నోరు తెరిచి ఇది కావాలని అడిగింది తక్కువ. అందరూ పడుకున్న మధ్యాహ్నం వేళ తలుపేసుకుని, బొగ్గులు రాజేసి, కోటుకీ లోపలి బనీనుకీ ఉన్ని టోపీకీ పొగ పట్టించాను. ఆ పొగలో నిలబడి పిచ్చిదానిలా నవ్వుకున్నాను కూడా. అడవిలో చలేస్తే ఈ వాసనకి నేను గుర్తొస్తాను కదా అనుకున్నాను.

వెళ్లిన వారంలోపే కబురొచ్చింది. సుందరరావు కనబడటం లేదు.

బాబా తిరిగి వచ్చాక నన్ను పిలిచి స్వయంగా చెప్పాడు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆ రోజు పొద్దున్న అందరూ అడవిలోకి బయలుదేరుతుంటే మా ఆయన దగ్గర బుఖూర్ వాసన వచ్చిందట. ఈ వాసనతో నువ్వొస్తే ఒక్క జంతువూ దగ్గరికి రాదు, ఇక్కడే ఉండి వంట చెయ్ అని బస చేసిన చెక్క ఇంట్లో వదిలేసి వెళ్లారట. సాయంత్రం వచ్చేసరికి పొయ్యి చల్లగా ఉంది. నారింజ కోటు మడతపెట్టి మంచం మీద ఉంది. మనిషి లేడు.

పోలీసులు, అడవి సిబ్బంది, కుక్కలు అన్నీ వచ్చాయి. వాన ఎడతెరిపి లేకుండా పడటంతో కుక్కలకి జాడ దొరకలేదు. కట్టెల కోసం వెళ్లి దారి తప్పి ఉంటాడన్నారు. ఎలుగుబంట్లు ఉన్న చోటు. కింద ఏరు పొంగుతోంది. పారిపోయాడేమోనన్న అనుమానం ఎవరికీ రాలేదు, ఎందుకంటే పాస్‌పోర్టు బాబా పెట్టెలోనే ఉంది. "వాణ్ణి ఒంటరిగా వదిలాను, తప్పు నాది" అన్నాడు బాబా.

తప్పు ఆయనది కాదని నాకు తెలుసు. ఆ పొగ పట్టించింది నేను.

ఆ తర్వాత నెలలు ఎలా గడిచాయో చెప్పడం నా వల్ల కాదు. బొగ్గులు రాజేయాల్సి వచ్చినప్పుడల్లా ముక్కుకి గుడ్డ కట్టుకునేదాన్ని. ఆ వాసన లేకపోతే ఆయన అందరితో పాటు ఉండేవాడు, బతికేవాడు. ఈ మాట నేను ఒక్క సుగుణ వదినకే చెప్పాను. సెలవు రోజున ఆవిడ ఒళ్లో తలపెట్టి చెప్పుకుని ఏడ్చాను. ఆవిడ కూడా నాతో పాటు ఏడ్చింది. నా వీపు నిమిరి, "నీ తప్పేం లేదులే కుమారీ. ఆడు మనకంతే రాసిపెట్టున్నాడు. ఆశ పెట్టుకోమాక" అంది. తమ్ముణ్ణి పోగొట్టుకుని కూడా నన్ను ఓదారుస్తోందే, ఎంత గుండె ధైర్యమో అనుకున్నాను.

ఇంటి దగ్గర్నుంచి ఫోన్లు వచ్చేవి. శవం దొరకలేదు కాబట్టి నేను ముత్తైదువనో విధవనో వాళ్లకి తేలలేదు. మా అత్తగారి వైపు వాళ్లు గాజులు తీసేయమన్నారు. మా అమ్మ వద్దంది. నేను ఒక చేతికి ఉంచి ఒక చేతికి తీసేశాను. ఎవరేమనుకున్నా అప్పుడు నాకు తోచింది అదే. ఆ మనిషి ఉన్నాడా లేడా అన్నది తేలితే చాలని రోజూ ప్రార్థన చేసేదాన్ని. ఇంకేమీ కోరలేదు.

ఇక ఆ గదిలో జరిగింది చెబుతాను.

మొదటిసారి చలికాలం చివర్లో, ఒక మధ్యాహ్నం. భోజనాలయ్యాక ఇల్లంతా పడుకుంటుంది. నేను ఇస్త్రీ పనికి గది తలుపు తీశాను. వేట బట్టల అల్మరా ముందు నేల మీద నీళ్లు ఉన్నాయి. మిషను కారిందేమోనని చూశాను. గొట్టాలు పొడిగా ఉన్నాయి. పైకప్పు పొడిగానే ఉంది. ఆ వారంలో చుక్క వాన లేదు.

గుడ్డ తీసుకుని తుడవబోతే వేళ్లు కొంకర్లు పోయాయి. అంత చల్లటి నీళ్లు. మా దగ్గర కుళాయి తిప్పితే చలికాలంలో కూడా గోరువెచ్చగానే వస్తాయి. ఆ నీళ్లలో నల్లగా కుళ్లిన ఆకులు ఉన్నాయి. చిన్నవి, అంచులు రంపంలా ఉన్నాయి. ఆ ఇంటి ఆవరణలో ఖర్జూరం చెట్లు, ఒక వేపచెట్టు తప్ప ఇంకేమీ లేవు.

నాతో పాటు పనిచేసే ఫిలిప్పీన్స్ అమ్మాయి లీనా వచ్చి తుడవడానికి సాయం చేసింది. నేనేమీ అనకుండానే ముక్కు మూసుకుని, బుఖూర్ బురదలో పడిపోయిందా అని అడిగింది. నాకు వచ్చిన వాసనే తనకీ వచ్చింది. ఇది ముఖ్యం కాబట్టి చెబుతున్నాను. దుఃఖంలో ఉన్న మనసు ఏవేవో కల్పించుకుంటుందని అంటారు. లీనాకి ఏ దుఃఖమూ లేదు.

రెండోసారి మరికొన్నాళ్లకి, మళ్లీ మధ్యాహ్నమే. కిటికీలోంచి ఎండ పడుతోంది. నేను గోడవైపు తిరిగి పిల్లల చొక్కాలు ఇస్త్రీ చేస్తున్నాను. వెనకాల నీటిచుక్కలు పడుతున్న చప్పుడు. ఏసీ కారుతోందనుకుని తిరిగాను.

అల్మరా ముందు ఒక మనిషి నాకు వీపు చేసి నిలబడి ఉన్నాడు.

వెలిసిపోయిన ఆకుపచ్చ కోటు. మెడపట్టీ పైకి లేపుకుని ఉంది. ఉన్ని టోపీ చెవులదాకా దిగి ఉంది. కోటు అంచుల నుంచి నీళ్లు కారుతున్నాయి. జేబు మీద గోధుమ రంగు దారం కుట్టు కనబడింది. అది నా కుట్టు. నా కుట్టు నాకు తెలియదా! భుజాలు వణుకుతున్నాయి. జ్వరం వణుకు కాదు, బాగా తడిసి చలికి వచ్చే వణుకు. తుఫాను రోజుల్లో అలాంటి వణుకు చాలా చూశాను.

భయం వేయలేదు. నిజం చెబుతున్నాను, ముందు కోపం వచ్చింది. "ఎక్కడికి పోయావయ్యా ఇన్నాళ్లూ" అన్నాను. ఆ మనిషి తిరగలేదు. మళ్లీ పిలిచాను. తిరగలేదు. అప్పుడే మడతపెట్టిన తువ్వాలు తీసి చెయ్యి చాచాను. ఒక చెయ్యి వెనక్కి వచ్చి దాన్ని అందుకుంది. వేళ్లు తెల్లగా పాలిపోయి, చాలాసేపు నీళ్లలో నానినట్టు ముడతలు పడి ఉన్నాయి. తువ్వాలు నా చేతిలోంచి లాగినప్పుడు ఆ బరువు నాకు తెలిసింది. కలలో అలాంటి బరువు తెలియదు.

పొడి బట్టలు తెస్తానుండు అని నా గదికి పరిగెత్తాను. ఆయన లుంగీ ఒకటి నా పెట్టెలో ఉంది. అది తీసుకుని వచ్చేసరికి గదిలో ఎవరూ లేరు. నేల మీద నీళ్లు. ఆ నీళ్లలో తువ్వాలు, బురద కొట్టుకుని.

గేటు దగ్గర కాపలా ఉండే నాతూరుని, పిల్లి దూరిందని అబద్ధం చెప్పి వెనకవైపు కెమెరా చూపించమన్నాను. నేను పరిగెత్తి వెళ్లడం ఉంది. లుంగీతో తిరిగి రావడం ఉంది. నేను కాక ఇంకెవరూ లేరు. ఆ గదికి ఉన్నది ఒకటే తలుపు.

తువ్వాలు ఎన్నిసార్లు ఉతికినా ఆ మరక పోలేదు. ఎవరిదీ బురద అని లీనా అడిగింది.

అప్పుడు నాకు తేలిపోయింది అనుకున్నాను. ఆయన పోయాడు. ఆ అడవిలో ఎక్కడో తడిలో పడి ఉన్నాడు. చలి తట్టుకోలేక పొడి బట్టల కోసం నా దగ్గరికి వచ్చాడు. ఆ సాయంత్రం రెండో చేతి గాజులు కూడా తీసేశాను.

ఆ వారం అజ్మాన్‌లో మా వాళ్ల ఫ్లాట్‌లో ప్రార్థన. అది అయ్యాక, బిర్యానీ పొట్లాలు పంచుతుంటే, నేనూ సుగుణ వదినా బయట మెట్ల మీద కూర్చున్నాం. ఆవిడకి చెప్పకపోతే ఎవరికి చెప్పను? సొంత తమ్ముడు. నీళ్ల సంగతి, ఆకుల సంగతి, వాసన, వణుకు, తువ్వాలు అందుకున్న చెయ్యి, అన్నీ వరసగా చెప్పాను. పోయాడు వదినా, ఇక తేలిపోయింది అన్నాను.

ఆవిడ చేతిలో పొట్లం జారి కింద మెట్టు మీద పడింది.

"ఎప్పుడే? ఎప్పుడు కనపడ్డాడే?" అని నా భుజం పట్టుకుని ఊపేసింది.

మొన్ననే అన్నాను.

ఆవిడ సంచిలోంచి ఫోను తీసింది. ఇంటికి చేస్తోందేమో, అమ్మకి చెప్పుకుని ఏడవాలనేమో అనుకున్నాను. ఫోను మోగుతుంటే ఆవిడ గొణుగుతోంది. "ఎత్తరా... ఒరేయ్ సుందరం, ఎత్తరా..."

ఆ పేరు విన్నాను. అర్థం కాలేదు. బాధలో మతి పోయిందనుకున్నాను.

అవతల ఎత్తారు.

"ఏంటక్కా ఈ టయాన? డూటీలో ఉన్నాను కదా" అంది మా ఆయన గొంతు.

వదిన "బతికే ఉన్నావా నాయనా" అని బావురుమంది. ఆ తర్వాత పక్కన నేనున్నానని గుర్తొచ్చి నా వైపు చూసింది. ఆ చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. తమ్ముడి ప్రాణం మీద భయంలో ఆవిడకి నేను ఒక్క క్షణం గుర్తు లేను. నిజానికి ఆ ఇద్దరికీ నేను ఏనాడూ గుర్తు లేను.

ఫోను లాక్కున్నాను. ఇక్కణ్ణించి వాణ్ణి ఆయన అనను.

"ఎవరు, కుమారేనా?" అన్నాడు. ఇక సంజాయిషీ మొదలుపెట్టాడు. పాస్‌పోర్టు లేకుండానే దొంగదారిన ఇటలీ చేరి ఒక హోటల్లో పని చేస్తున్నాడట. ఎప్పటికైనా నన్ను పిలిపించుకుందామనేనట. "నీకు చెప్తే నీ మొకంలో తెలిసిపోద్ది. నువ్వు నిజంగా ఏడిత్తేనే గదా బాబా నమ్మేది. నమ్మకపోతే నీ మీదకొచ్చేది. నీ మంచికేనే..."

నా మంచికట! తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. నా ఏడుపే వాళ్లకి సాక్ష్యం. నేను ఎంత ఏడిస్తే వాడు అంత గట్టిగా చచ్చినట్టు. వదిన నా వీపు నిమిరి ఆశ పెట్టుకోవద్దన్నది అందుకే.

బుఖూర్ ఎందుకు వేయించావని అడిగాను.

"వాసనుంటే ఏటకి తీసుకెళ్లడు. ఇంట్లో వదిలేత్తాడని పాత వంటాయన చెప్పేడు."

అంతే. నేను ముచ్చటపడి, తలుపేసుకుని, నవ్వుకుంటూ పట్టించిన పొగ. నా చేత్తో వేసినట్టుంటుందన్న మాట. అన్నీ దానికోసం. నెలల తరబడి నేనే చంపానని కుమిలిపోతుంటే, ఆ సంగతి వదిన వాడికి చెప్పే ఉంటుంది. చెప్పలేదని వాళ్లిద్దరూ అనలేదు.

ఎన్నో అడగాల్సింది. తిట్టాల్సింది. కానీ నా నోట్లోంచి వచ్చిన ప్రశ్న ఒకటే. ఆ బట్టలేం చేశావు?

"ఏ బట్టలు? ఆ కోటా? అయ్యన్నీ మొదటిరోజే పడేశాను. తడిసి మణుగు బరువెక్కినియ్యి. సంచిలో ప్యాంటూ చొక్కా దాచుకున్నాను. కోటూ టోపీ ఏరు పక్కన ఓ చెట్టుకొమ్మకి తగిలించి ఎల్లిపోయేను."

ఆ తర్వాత వాడన్న చివరి మాట, "బాబాకి చెప్పమాకు."

నేను ఎలా ఉన్నానని అడగలేదు. తిన్నావా అని కూడా అడగలేదు. మళ్లీ ఫోను చేయలేదు, నేనూ చేయలేదు. సుగుణ వదిన మెట్ల మీద నా కాళ్లు పట్టుకుంది. "తమ్ముడు కదే, ఏం చెయ్యను" అంది. నేను నీకేమవుతాను వదినా అని అడిగి, కాళ్లు విడిపించుకుని లేచాను. ఆ రోజు నుంచి ఆవిడతో మాట లేదు.

బాబాకి చెప్పేశాను. ఆయన వేట మానేసి, ప్రతి నమాజులో వాడి కోసం దువా చేస్తున్నాడని నాకు తెలుసు. ఆ పాపం నేను మోయలేను. విని కోప్పడతాడనుకున్నాను. "అల్‌హమ్‌దులిల్లా, బతికున్నాడు" అన్నాడు. ఆ తర్వాత నా చేతుల వైపు చూశాడు, గాజులు లేకపోవడం గమనించాడేమో. ఇక అయిపోయిందిలే అన్నట్టు "ఖలాస్, కుమారీ" అని మెల్లగా అని లేచి వెళ్లిపోయాడు. కాంట్రాక్టు అయ్యేదాకా నన్ను ఒక్క మాట అనలేదు. ఇప్పుడు నేను షార్జాలో ఇంకో ఇంట్లో పనిచేస్తున్నాను.

చచ్చినవాడు కనబడితే దెయ్యం అంటారు. సరే, అలాంటివి ఉంటాయో ఉండవో, కనీసం దానికో పేరుంది. వాడు చావలేదు. ఇటలీలో డ్యూటీ చేసుకుంటూ, వేడి తిండి తింటూ ఉన్నాడు. ఆ మధ్యాహ్నం నేను పనిచేసే గదిలో చలికి వణుకుతూ నిలబడింది ఎవరు? ఏ ఏటి పక్కనో కొమ్మకి వేలాడుతున్న కోటు ఎవరి ఒంటిమీదకి వచ్చింది? ఎంతో ఆలోచించాను. ఆ అడవిలో నిజంగా దారి తప్పి చచ్చిపోయిన ఇంకో అభాగ్యుడెవరో ఆ కోటు తొడుక్కున్నాడా, ఆ వాసన పట్టుకుని వచ్చాడా అని కూడా అనుకున్నాను. ఇలా ఆలోచిస్తున్నందుకు నన్ను నేనే తిట్టుకుంటాను.

ఆ ఫోను తర్వాత అతను మళ్లీ రాలేదు. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ మధ్యాహ్నం అందరూ పడుకున్నాక ఆ గదిలోనే కూర్చునేదాన్ని. అల్మరా ముందు నేల పొడిగా ఉండేది. వాడు బతికే ఉన్నాడని తెలిసిన రోజున నాకు ఏడుపు రాలేదు. ఆ పొడి నేల చూసి మాత్రం చాలాసార్లు ఏడ్చాను.

అతనెవరో నాకు ఇప్పటికీ తెలియదు. నా మొగుడు మాత్రం కాదు. కానీ అంత చలిలో, అంత దూరం నుంచి, నా దగ్గరికే వచ్చాడు.